దక్షిణం రోడ్డు, మిద్దె మీద ఎండ

హొగేనక్కల్‌కు జనం నీళ్లు చూడటానికి వస్తారు. కావేరి నల్లరాళ్ల మధ్య పాయలుగా చీలి దూకే చోట పుట్టి ఎక్కి, తుంపర్లలో తడిసి, వేయించిన చేపలు తిని వెనక్కి బయలుదేరతారు. పెన్నాగరం మీదుగా ధర్మపురికి వెళ్లే ఆ సుమారు నలభై అయిదు కిలోమీటర్ల దారిలోనూ, అక్కడి నుంచి కృష్ణగిరి, హోసూరు దాకానూ ఊళ్ల శివార్లలో కనిపించేది మరొకటి ఉంది. నిన్నమొన్నటి చేలలో వరుసగా పాతిన హద్దురాళ్లు, మధ్యలో కంకర రోడ్లు, ముందు ఒక పెద్ద బోర్డు. హైవేకి ఎంత దూరం, రోడ్డు ఎన్ని అడుగులు, డీటీసీపీ (పట్టణ ప్రణాళికా శాఖ) అప్రూవల్ ఉందా, తాగునీటి సౌకర్యం ఉందా, తూర్పు ఫేసింగ్ సైట్లు ఎన్ని మిగిలాయి అన్నవి ఆ బోర్డు మీద ఉంటాయి. ఆ స్థలంలో కట్టే ఇంటి మిద్దె మీద ఎంత ఎండ పడుతుంది, పక్క సైట్లలో ఇళ్లు లేచాక కూడా పడుతుందా అన్నది ఏ బోర్డు మీదా ఉండదు. మిద్దె మీద కరెంటు పండించుకునే ఈ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు రూపాయల్లో తేలుతుంది కాబట్టి, స్థలం కొనేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే అడగాల్సింది అదేనని నా అభిప్రాయం.

ఈ ప్రాంతంలో ఇంటి విలువను ఇప్పటిదాకా నడిపించినవి నీళ్లు, రోడ్డు, ఉద్యోగం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. బోరు వేస్తే నీళ్లు పడినా తాగటానికి పనికిరాని ఊళ్లు ఎన్నో ఉండేవి. జపాన్ రుణసాయంతో కట్టి 2013లో ప్రారంభించిన హొగేనక్కల్ తాగునీటి పథకం కావేరి నీటిని శుద్ధి చేసి ఈ రెండు జిల్లాలకూ పంపింగ్ చేస్తోంది. నీటి తర్వాత ఉద్యోగాలు. తెలుగు ఇళ్లు దండిగా ఉన్న హోసూరు 1970ల నుంచే సిప్కాట్ పారిశ్రామికవాడతో ఎదిగింది. 2019లో కార్పొరేషన్ అయింది. ఏథర్ స్కూటర్లు హోసూరులో, ఓలా స్కూటర్లు కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో తయారవుతున్నాయి (చీరల పోచంపల్లి వేరు). 2024 జూన్‌లో హోసూరుకు 2,000 ఎకరాల్లో విమానాశ్రయం తెస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. 2025 ఆగస్టులో బెంగళూరు మెట్రో పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చింది. బెంగళూరులో ముప్పై-నలభై అడుగుల సైటు అందని సంసారి హోసూరు వైపు చూడటం, హోసూరులో అందనివాడు ఇంకా కిందికి దిగటం మామూలైపోయింది.

అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను మద్రాసు హైకోర్టు 2016లో ఆపించిన దగ్గర్నుంచి కొనేవాళ్లు కాగితాలు జాగ్రత్తగా చూస్తున్నారు. పట్టా, ఈసీ, అప్రూవల్ నంబరు అన్నీ అడుగుతున్నారు. ఆకాశాన్ని మాత్రం ఎవరూ అడగటం లేదు.

ఇక ఆకాశం సంగతికి వద్దాం. హొగేనక్కల్ భూమధ్యరేఖకు 12 డిగ్రీల ఉత్తరాన ఉంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో పన్నెండింటికి కాదు. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖాంశానికి ఈ ప్రాంతం పడమరగా ఉండటంతో, ఏడాది సగటున 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ఇక్కడ అసలైన మధ్యాహ్నం అవుతుంది. ఆ వేళకు మిద్దె మీద మూడడుగుల కర్రను నిటారుగా నిలబెట్టి చూడండి. ఏప్రిల్ 22 ప్రాంతంలో నీడ ఉండదు, కర్ర మొదట్లోనే కలిసిపోతుంది. ఆగస్టు 21 ప్రాంతంలో మళ్లీ అంతే. ఈ రెండు తేదీల మధ్య నాలుగు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, కర్ర నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న అది అత్యంత పొడవుగా ఉన్నప్పుడు కూడా ఏడంగుళాలే. మిగతా ఎనిమిది నెలలూ సూర్యుడు దక్షిణాన నడుస్తాడు. డిసెంబరు 21న అదే కర్ర నీడ ఉత్తరానికి రెండడుగుల పైన సాగుతుంది.

కర్ర స్థానంలో పొరుగింటిని పెట్టి లెక్క వేద్దాం. మీది ఒక అంతస్తు ఇల్లు. మీకు దక్షిణాన ఉన్నవారు ఇంకో అంతస్తు లేపారు, అంటే మీ మిద్దె కన్నా పదకొండడుగులు ఎత్తు. డిసెంబరు మధ్యాహ్నం ఆ గోడ నీడ మీ మిద్దె వైపు దాదాపు ఎనిమిదడుగులు వస్తుంది. మూడు గంటలయ్యేసరికి దాదాపు పదడుగులవుతుంది. వాళ్లు రెండంతస్తులు లేపితే దానికి రెట్టింపు. ఇళ్ల మధ్య నాలుగైదడుగుల సందు కూడా వదలని లేఅవుట్లలో ఆ నీడంతా మీ మిద్దె మీదే. అదే పదకొండడుగుల గోడ మీకు ఉత్తరాన లేస్తే? జూన్ మధ్యాహ్నం దాని నీడ రెండడుగులు, అంతే. మిగతా ఎనిమిది నెలలూ మధ్యాహ్నపు నీడ మీ వైపు తిరిగి చూడదు. తూర్పున లేస్తే ఉదయం తొమ్మిదింటికి పదమూడడుగులకు పైగా కమ్ముతుంది గానీ, పొద్దెక్కేకొద్దీ తగ్గిపోతుంది. పడమటి గోడ సాయంత్రం అదే పని చేస్తుంది. ప్యానెళ్లు ఎక్కువ కరెంటు ఇచ్చేది పదింటి నుంచి మూడింటి దాకా కాబట్టి తూర్పు పడమర గోడల బాధ ఓర్చుకోదగ్గది. దక్షిణపు గోడ మాత్రం నడిపొద్దునే మింగేస్తుంది, అదీ మాఘ ఫాల్గుణాలకు ముందు వచ్చే చలికాలం పొడవునా.

ఈ లెక్క నుంచి వచ్చే ఫలితం మన స్థలాల బేరానికి ఎదురు నడుస్తుంది. తూర్పు ఫేసింగ్‌కు గిరాకీ, ఉత్తరం ఫేసింగ్‌కు గిరాకీ. దక్షిణం ఫేసింగ్ అనగానే కొనేవాళ్లు వెనకాడతారు, అమ్మేవాళ్లు ధరలో కాస్త దిగుతారు. ఉత్తరం ఫేసింగ్ అంటే ఉత్తరాన రోడ్డు, వెనక అంటే దక్షిణాన ఇంకొకరి సైటు. ఆ ఇంకొకరు ఏనాడైనా పైకి లేపవచ్చు. దక్షిణం ఫేసింగ్‌లో దక్షిణాన ఉండేది రోడ్డు. రోడ్డు మీద ఎవరూ మిద్దె కట్టరు. ముప్పై అడుగుల రోడ్డు ఉంటే, అవతలి వాళ్లు మీకన్నా రెండంతస్తులు లేపినా డిసెంబరు మధ్యాహ్నపు నీడ రోడ్డు దాటి మీ గోడను తాకదు. బజారు తక్కువ చేసి చూసే సైటే సోలార్‌కు అన్నిటికన్నా భద్రమైన సైటు. వాస్తు మీద నమ్మకం ఉన్నవారిని తప్పు పట్టటం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పట్టింపు లేని కుటుంబం, లేదా ఉన్నా బడ్జెట్ చాలని కుటుంబం, దక్షిణం సైటును తక్కువ రకంగా భావించి దిగులుపడుతుంటే చూస్తూ ఊరుకోలేను. పాతికేళ్ల పాటు ఎవరూ తీసుకోలేని ఎండ వాళ్ల చేతికి వస్తోంది.

కాసింత నీడకే ఇంత లెక్క ఎందుకు అనిపించవచ్చు. దానికి జవాబు ప్యానెల్ లోపల ఉంది. వెలుతురు సోకితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్సులో ఎడ్మండ్ బెక్రెల్ 1839లోనే గమనించాడు. పనికొచ్చే సిలికాన్ ఘటం తయారైంది 1954లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. అప్పట్లో అది తన మీద పడిన వెలుతురులో 6 శాతాన్ని కరెంటుగా మార్చేది, ఇప్పుడు మార్కెట్‌లో దొరికే ప్యానెళ్లు 20 శాతం దాటి మారుస్తున్నాయి. వెలుతురు కణం సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను దాని చోటు నుంచి లేపుతుంది. రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే చోట ఉన్న విద్యుత్ క్షేత్రం దాన్ని ఒకే దిక్కుకు తోస్తుంది. ఒక్కో ఘటం ఇచ్చేది అర వోల్టు చిల్లర మాత్రమే. అందుకే ఒక ప్యానెల్‌లో డజన్ల కొద్దీ ఘటాలను ఒకదాని వెనక ఒకటిగా వరుసలో కలుపుతారు, మళ్లీ ప్యానెళ్లను కూడా అలాగే వరుసగా ఇన్వర్టర్‌కు కలుపుతారు.

చిక్కంతా ఆ వరుసలోనే. ఇరుకు సందులో ఒకదాని వెనక ఒకటి పోయే ఎడ్లబండ్లలో ముందు బండి నిదానిస్తే వెనకవన్నీ నిదానించాల్సిందే. నీడ పడిన ఘటం దాటించగలిగినంత కరెంటే వరుస మొత్తం దాటించగలదు. పైగా ఎండలో ఉన్న ఘటాలు నెట్టే శక్తి నీడలో ఉన్న ఘటంలో వేడిగా దిగి, అది మాడిపోయే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించటానికే ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు ఉంటాయి, మామూలుగా మూడు. నీడ పడిన భాగాన్ని వదిలేసి కరెంటును పక్కదారిన పంపుతాయి. అంటే అరచేతి వెడల్పు నీడ తగిలినా ప్యానెల్‌లో మూడో వంతు ఉత్పత్తి పోవచ్చు. ఇప్పటి సగం ఘటాల ప్యానెళ్లు, ఒక్కో ప్యానెల్‌కు విడిగా పెట్టే మైక్రో ఇన్వర్టర్లు ఈ నష్టాన్ని తగ్గిస్తాయి గానీ పూర్తిగా తీర్చవు, ఖర్చూ పెంచుతాయి.

పొరుగువారి గోడ కన్నా ముందు మన మిద్దె మీద మనమే పెట్టుకున్న నీడలు చూసుకోవాలి. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలని మెట్ల గదినీ ట్యాంకునూ చాలామంది ఆ మూలే కడతారు. ప్యానెళ్ల దృష్టిలో ఇంతకన్నా చెడ్డ చోటు లేదు, చలికాలం మధ్యాహ్నాల నీడ సరిగ్గా ఆ మూల నుంచే మిద్దె నడుముకు సాగుతుంది. దీనికి విరుగుడు ఆ ఎత్తునే వాడుకోవటం. మెట్ల గది పైకప్పు కలిసేలా జీఐ స్ట్రక్చర్‌ను లేపి ప్యానెళ్లను ట్యాంకు ఎత్తుకు తీసుకుపోతే నైరుతి ఎత్తు అలాగే ఉంటుంది, నీడా పోతుంది, కింద వడియాలు ఎండబెట్టుకోవటానికీ బట్టలు ఆరేసుకోవటానికీ చోటు మిగులుతుంది. ఎత్తు పెరిగితే గాలి పట్టు పెరుగుతుందన్నది మరవకూడదు. చైత్ర వైశాఖాల్లో ఈదురుగాలితో వచ్చే వానలు ఇక్కడ మామూలే. స్తంభాలను స్లాబుకు ఎలా బిగిస్తున్నారో దగ్గరుండి చూడాలి. స్లాబులో రంధ్రం వేసి నట్లు బిగిస్తే అక్కడ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, లేకపోతే కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద నిలపాలి.

వాలు గురించి సోలార్ బిగించేవాళ్లు గట్టిగా చెబుతారు గానీ, పన్నెండు డిగ్రీల అక్షాంశం దగ్గర అది పెద్ద పట్టింపు కాదు. దక్షిణానికి పది పన్నెండు డిగ్రీలు వాలితే చాలు. అయిదు డిగ్రీలకు తక్కువైతే మాత్రం వాననీళ్లు ఫ్రేము కింది అంచున నిలిచి దుమ్మును గీతలా పేరుస్తాయి, ఆ గీతే మళ్లీ నీడ. గ్రానైట్ క్వారీలున్న ఈ జిల్లాల్లో దుమ్ముకు కొదవ లేదు. కడిగేటప్పుడు ఉప్పు బోరు నీళ్లు వాడితే ఆరాక తెల్లటి చారలు మిగిలి, కొన్నాళ్లకు గాజు మీద గట్టిగా పేరుకుంటాయి. వాన నీళ్లు గానీ కుళాయి నీళ్లు గానీ మంచివి, అవీ పొద్దు పొడవకముందు పోయాలి. ఎండకు కాలిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు. హొగేనక్కల్ లాంటి అడవి అంచు ఊళ్లలో కోతుల బెడద కూడా ఉంటుంది కాబట్టి, వైర్లను పైపుల్లో పంపటం ఇక్కడ సోకు కాదు, అవసరం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు ప్యానెళ్లు విరగకాస్తాయనుకుంటే పొరపాటు. సిలికాన్‌కు కావాల్సింది వెలుతురు, వేడి దానికి పడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి దిగుబడి 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. ఎండలో ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటటం మామూలే, అంటే పన్నెండు శాతం పైన అక్కడే పోతుంది. ఆకాశం తేటగా ఉండి, గాలి ఇంకా చల్లగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలే ఈ ప్రాంతంలో మంచి పంట కాలం. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న హోసూరుకు ఈ విషయంలో కాస్త మేలు, ఎంతో దిగువనున్న హొగేనక్కల్‌కు కాస్త తక్కువ. ఆ తేడా ఒకటి రెండు శాతాలే, దక్షిణపు గోడ నీడ ముందు లెక్కలోకి రాదు. ప్యానెల్‌కూ స్లాబుకూ మధ్య గాలి ఆడే జాగా ఉంటే చాలు.

డబ్బు లెక్క ఇప్పుడు చాలామందికి తెలిసిందే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, అంటే మూడు కిలోవాట్లకూ ఆపైకీ గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. దేశంలో తయారైన ఘటాలతో చేసిన ప్యానెళ్లే వాడాలి. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు సగటున పన్నెండు యూనిట్ల ప్రాంతంలో వస్తాయి. రెండు నెలలకోసారి వచ్చే ఈబీ (కరెంటు బోర్డు) బిల్లులో అది 700 యూనిట్ల మాట. తమిళనాడులో గృహాలకు రెండు నెలలకు 100 యూనిట్లు ఉచితం, ఆపైన వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర మెట్లెక్కుతుంది, వెయ్యి దాటిన యూనిట్‌కు పదకొండు రూపాయల పైనే. అందుచేత రెండు ఫ్యాన్లూ ఒక ఫ్రిజ్జుతో 200 యూనిట్లలో గడిచిపోయే ఇంటికి సోలార్ తొందరేమీ లేదు, నిజాయితీగా చెప్పాల్సిన మాట ఇది. ఏసీ ఉండి, స్కూటర్ ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకునే ఇంటికి ఖరీదైన పై మెట్ల యూనిట్లే ముందు తెగిపోతాయి కాబట్టి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందన్నది బిగించాక తెలిసి బాధపడేవాళ్లు ఉన్నారు. బ్యాటరీ లేని ఇన్వర్టర్ లైనులో కరెంటు లేదని గ్రహించగానే తనంతట తాను ఆగుతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ మీ మిద్దె నుంచి వచ్చే కరెంటుకు బలికాకూడదని పెట్టిన ఏర్పాటు అది. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి.

తమిళనాడుకు మిద్దెను పనిలో పెట్టటం కొత్త కాదు. 2003లో రాష్ట్రమంతటా ఇళ్లకు వాననీటి సేకరణను తప్పనిసరి చేశారు. 2011లో జయలలిత ప్రభుత్వం గ్రామీణ పేదలకు 300 చదరపు అడుగుల ఇళ్లను సోలార్ దీపాలతో కట్టించే పథకం తెచ్చింది, ఏడాదికి 60,000 ఇళ్లు లక్ష్యంగా. సరిహద్దుకు ఇవతల ఆంధ్రప్రదేశ్‌లో, 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం మండలం నడిమూరులో ఇంటింటికీ సోలార్ కార్యక్రమం మొదలుపెట్టారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అక్కడి ప్రభుత్వం రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా ఇస్తోంది. పల్లెల్లో ఇది సులువు. ఇళ్లు ఒకే ఎత్తున ఉంటాయి, నీడ ఇచ్చేది చెట్టు ఒక్కటే. శివారు లేఅవుట్‌లో ఇవాళ ఖాళీగా ఉన్న పక్క సైటే రేపటి నీడ.

దానికి చట్టం అడ్డుపడుతుందా? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, మొదట్లోనే మద్రాసు రాజధానికి వర్తించిన చట్టం, ఒక కట్టడానికి వెలుతురు ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అందితే అది హక్కు అవుతుందంటుంది. కిటికీలను దృష్టిలో పెట్టుకుని రాసింది. నిన్న బిగించిన ప్యానెల్‌కు ఇరవై ఏళ్ల అనుభవం ఎక్కడిది? కాలిఫోర్నియాలో 1978లోనే పొరుగువారి చెట్ల నీడ సోలార్ పలకల మీద పడకుండా చట్టం చేశారు. మన లేఅవుట్ నిబంధనల్లో రోడ్డుకూ పార్కుకూ చోటు ఉంది, ఎండకు లేదు. కొత్త లేఅవుట్లు వేసేటప్పుడే దక్షిణపు సెట్‌బ్యాక్ కాస్త ఎక్కువ వదలమంటే సరిపోయే పని. ప్రణాళికా శాఖలు దీన్ని పట్టించుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా కొనుగోలుదారు తన చూపునే నమ్ముకోవాలి.

సోలార్ ఉన్న ఇల్లు ఎక్కువకు అమ్ముడుపోతుందా అన్నది మరో ప్రశ్న. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబ్ 2015లో ఎనిమిది రాష్ట్రాల్లోని 22,000కు పైగా ఇళ్ల అమ్మకాలు పరిశీలించి, సొంత సోలార్ ఉన్న ఇంటికి వాట్‌కు సుమారు 4 డాలర్లు అదనంగా పలికిందని తేల్చింది. ఆ అంకెను హోసూరుకో ధర్మపురికో అంటగట్టలేం, కరెంటు ధరలూ ఇళ్ల బేరమూ వేరు. అక్కడి కొనుగోలుదారు డబ్బు పెట్టింది రాబోయే బిల్లుల తగ్గింపు మీద అన్నది మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. పాత ఇంటిని సోలార్‌తో సహా కొంటుంటే ఒక ఏడాది ఈబీ బిల్లులు, అంటే ఆరు, వరుసగా అడిగి తీసుకోవాలి. డిసెంబరు-జనవరి బిల్లులో ఉత్పత్తి ఫిబ్రవరి-మార్చి కన్నా మరీ సగానికి పడిపోయి ఉంటే మిద్దె ఎక్కి దక్షిణం వైపు చూడాలి, అక్కడ ఒక గోడ ఉంటుంది. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు వారంటీ కాగితాలతో సరిపోవాలి. ప్యానెల్ దిగుబడికి పాతికేళ్ల వారంటీ ఇస్తారు గానీ ఇన్వర్టర్‌కు అంత ఆయుష్షు ఉండదు, మధ్యలో ఒకసారైనా మార్చాల్సి వస్తుంది. ఆ ఖర్చును బేరంలోనే తగ్గించుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయిన వెంటనే ఈబీ సర్వీసు, నెట్ మీటర్ (లైనుకు పంపిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే మీటర్) ఒప్పందం రెండూ కొత్త యజమాని పేరుకు మార్పించాలి. అపార్ట్‌మెంట్ అయితే మిద్దె అందరిదీ కాబట్టి, లిఫ్టుకూ మోటారుకూ కావాల్సిన కరెంటు కోసం సంఘం పేరున పెట్టించుకోవటమే తేలిక. దానికి కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది.

ఇక ఖాళీ సైటు కొనేవారికి. ఉదయం పూట కాక మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లండి, వీలైతే డిసెంబరులో. దక్షిణాన రోడ్డు ఉందా, ఇంకొకరి సైటు ఉందా, ఆ సైటులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో కనుక్కోండి. దక్షిణం ఫేసింగ్ అని అమ్మేవాళ్లు మొహమాటపడుతూ ధర తగ్గిస్తే, ఆ తగ్గించిన డబ్బుతో మూడు కిలోవాట్ల ప్యానెళ్లు ఎంతవరకు వస్తాయో అక్కడే లెక్క వేసుకుని అడ్వాన్స్ ఇవ్వండి.